తేదీ మారని సూర్యుడు, తేదీ తప్పిన మంచు

(మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



మాస్టారు జంతుశాస్త్రం చెప్పిన తీరు ఇక్కడున్నవారిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏ ప్రాణి గురించి మొదలుపెట్టినా ముందు దాని ఏడాది గురించి చెప్పేవారు. అది ఎప్పుడు జతకడుతుంది, ఎప్పుడు గుడ్డు పెడుతుంది, పిల్ల నోరు తెరిచేనాటికి ఆ నోట్లో పెట్టడానికి ఏం దొరుకుతుంది? ఎముకలూ కండరాలూ ఆ తర్వాతే. ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు ధ్రువాల దగ్గరి జీవుల గురించి చెప్పాలనిపించింది అందుకే. అక్కడ ఇవాళ చెదిరిపోతున్నది ఆ ఏడాదే.

ధ్రువాలు వేడెక్కుతున్నాయి, చలికి అలవాటుపడ్డ ప్రాణులు ఆ వేడికి తాళలేకపోతున్నాయి అన్నది మనం తరచుగా చదివే మాట. అబద్ధమేమీ కాదు. అంటార్కిటికా సముద్రంలో ఐస్‌ఫిష్ అనే చేపలున్నాయి. వాటి నెత్తురులో హిమోగ్లోబిన్ ఉండదు, ఎరుపే ఉండదు. బాగా చల్లటి నీళ్ళలో ప్రాణవాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది కాబట్టి అవి అలాగే బతికేస్తున్నాయి. నీళ్ళు కొన్ని డిగ్రీలు వేడెక్కితే వాటికి ఊపిరాడదు. అలాంటి జీవికి ఉష్ణోగ్రతే శత్రువు. కానీ పెంగ్విన్, రెయిన్‌డీర్, టండ్రాలో గూడు పెట్టే పిట్ట, వీటి కథ వేరు. వీటిలో చాలావాటిని వేడి నేరుగా చంపడం లేదు. మంచు తన తేదీ తప్పడం చంపుతోంది. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

ధ్రువ ప్రాంతపు వేసవి చాలాచోట్ల రెండు మూడు నెలలకు మించదు. మొగ్గ వేయడం, పూయడం, విత్తనం కట్టడం, గుడ్డు పెట్టడం, పిల్లను ఎగరగలిగేదాకా, ఈదగలిగేదాకా సాకడం, అన్నీ ఆ గడువులోపలే జరగాలి. ఒక్క వారం పొరపాటు పడినా ఆ ఏడాది సంతానం దక్కదు. మరి సమయం ఎప్పుడైందో అక్కడి జీవులకు ఎలా తెలుస్తుంది? రెండు గుర్తులున్నాయి. ఒకటి పగటి పొడవు. అంత ఎత్తు అక్షాంశాల్లో పగలు రోజురోజుకీ కొన్ని నిమిషాలు పెరుగుతుంది, అంతకన్నా నమ్మదగిన గుర్తు మరొకటి లేదు. రెండోది మంచు, అంటే అది ఎప్పుడు కరిగింది, నేల ఎప్పుడు బయటపడింది, సముద్రం మీద పలక ఎప్పుడు విరిగింది. వేల ఏళ్ళపాటు ఈ రెండూ కొద్దో గొప్పో కలిసి నడిచాయి. కొన్ని జీవులు సూర్యుణ్ణి నమ్ముకున్నాయి, కొన్ని మంచును నమ్ముకున్నాయి, ఎవరు దేన్ని నమ్ముకున్నా ఒకే వేళకు చేరేవారు. మన రైతుకు ఈ సంగతి కొత్త కాదు. కార్తెలు సూర్యుడి లెక్క, మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లో వచ్చి తీరుతుంది. వాన మాత్రం కార్తె చూసుకుని రాదు. రైతు మబ్బు చూసి విత్తు నాలుగు రోజులు ఆపుకోగలడు. కడుపులో గుడ్డు తయారైపోయిన పక్షి ఆపుకోలేదు.

ముందుగా దక్షిణానికి వెళ్దాం. అంటార్కిటికా నుంచి దక్షిణ అమెరికా వైపు సన్నగా సాగిన భూభాగాన్ని అంటార్కిటిక్ ద్వీపకల్పం అంటారు. దాని పడమటి ఒడ్డున, ఆన్వర్స్ దీవి మీద, పామర్ అనే అమెరికా పరిశోధన కేంద్రం ఉంది. చుట్టూ చిన్న చిన్న రాతి దీవులు. వాటి మీద అడేలీ పెంగ్విన్లు గులకరాళ్ళు పోగేసి గూళ్ళు పెడతాయి. విలియం ఫ్రేజర్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు 1970ల మధ్యలో అక్కడికి కుర్రవాడిగా వెళ్ళి, ఆ పక్షుల్ని దశాబ్దాల తరబడి లెక్కపెడుతూ వచ్చారు. ఆయన మొదలుపెట్టినప్పుడు ఆ దీవుల్లో సుమారు 15,000 అడేలీ జంటలుండేవి. తర్వాతి నాలుగు దశాబ్దాల్లో వాటిలో 80 శాతానికి పైగా పోయాయి. లిచ్‌ఫీల్డ్ అనే దీవి మీద 2007 నాటికి ఒక్క జంట కూడా మిగల్లేదు.

ఎలా పోయాయన్నది గమనించండి. ఆ తీరంలో శీతాకాలపు సగటు ఉష్ణోగ్రత 1950 తర్వాత సుమారు 6 డిగ్రీలు పెరిగింది. సముద్రం మీద మంచు పలక ఏడాదిలో నిలిచే కాలం, 1970ల చివరితో పోలిస్తే, దాదాపు మూడు నెలలు తగ్గింది. పలక లేని సముద్రం నుంచి గాలిలోకి తేమ లేస్తుంది. వెచ్చటి గాలి ఆ తేమను ఎక్కువగా పట్టుకుని, తీసుకొచ్చి ఒడ్డున మంచుగా కురిపిస్తుంది. అంటే వేడి పెరిగినచోట హిమపాతం పెరిగింది. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, పామర్ పెంగ్విన్ల కథకు తాళంచెవి ఇక్కడే ఉంది. అడేలీలు పుట్టిన చోటికే, ఏటా దాదాపు అదే వేళకు తిరిగి వచ్చి, నవంబరులో గుడ్లు పెడతాయి. గులకరాళ్ళ నేల ఆపాటికి మంచులోంచి బయటపడి ఉండాలి. ఇప్పుడు దాని మీద ఇంకా మంచు మేట ఉంటోంది. అయినా అవి ఆగవు. మంచు మీదే కూర్చుంటాయి, గుడ్డు పెడతాయి. కొద్ది రోజుల్లో ఆ మంచు కరిగి గూట్లోకి నీరు దిగుతుంది. గుడ్డు చల్లబడి మురిగిపోతుంది, గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఉంటే తడిసి చస్తుంది.

అక్కడి తుపాను గాలులు ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తాయి. ఎగిరొచ్చిన మంచు దీవికి నైరుతి వైపు, గాలి తగలని చాటున, మేటవేస్తుంది. ఫ్రేజర్ బృందం దీవి దీవికీ తిరిగి చూస్తే ముందుగా ఖాళీ అయినవి ఆ నైరుతి చాటున ఉన్న గూళ్ళే. ఒకే దీవి, ఒకే సముద్రం, ఒకే తిండి. గాలి తగిలే వైపు గూళ్ళు ఇంకా ఉన్నాయి, చాటు వైపువి పోయాయి. వాతావరణ మార్పు అనే పెద్ద మాట నేల మీదికి దిగి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం లేదు.

అదే చోట 1990లలో జెంటూ అనే మరో జాతి పెంగ్విన్ వచ్చి చేరింది. ఉత్తరాన, మంచు తక్కువగా ఉండే దీవుల పక్షి అది. గుడ్డు కాస్త ఆలస్యంగా పెడుతుంది, నేల బాగాలేకపోతే చోటు మార్చుకుంటుంది, మొదటి గుడ్డు పోతే మళ్ళీ పెట్టగలదు. అడేలీ తగ్గినచోట జెంటూ పెరుగుతోంది. ఒకటి పోతే ఇంకొకటి వచ్చిందిగా, లెక్క సరిపోయిందిగా అనేవాళ్ళున్నారు. నాకు ఆ మాట నచ్చదు. ఒక సమాజం శతాబ్దాలుగా కట్టుకున్న ఊరు ఖాళీ అవుతుంటే, వచ్చి చేరినవాళ్ళ తలలు లెక్కపెట్టి సమాధానపడటం సరైన లెక్క కాదు.

తిండి సంగతికి వద్దాం. ఆ సముద్రంలో పెంగ్విన్, సీల్, తిమింగలం అన్నీ బతికేది చాలావరకు క్రిల్ మీద. చూడటానికి రొయ్య పిల్లలా ఉంటుంది, పెద్దదైతే ఆరు సెంటీమీటర్లు, ఆరేళ్ళ దాకా బతుకుతుంది. అంటార్కిటిక్ క్రిల్ మొత్తం బరువు 30 నుంచి 50 కోట్ల టన్నులుంటుందని అంచనా. అంతటి రాశి కూడా ఒక సన్నటి పొర మీద ఆధారపడి ఉంది. సముద్రపు మంచు పలక అడుగు భాగాన నాచు పెరుగుతుంది. వేసవిలో పుట్టిన క్రిల్ పిల్లకు మొదటి శీతాకాలం దాటేంత కొవ్వు ఒంట్లో ఉండదు. పెద్ద క్రిల్ పస్తుండి, ఒళ్ళు కుదించుకుని కూడా బతకగలదు, పిల్ల బతకలేదు. అది పలక అడుగున పాకుతూ ఆ నాచును గీక్కుతిని వసంతం దాకా నిలుస్తుంది. పలక ఆలస్యంగా ఏర్పడితే, త్వరగా విరిగితే, ఆ ఏటి పిల్లల్లో చాలా భాగం వసంతం చూడదు. తొంభై ఏళ్ళ వలల లెక్కలు దగ్గర పెట్టి చూసిన శాస్త్రజ్ఞులు, నైరుతి అట్లాంటిక్ వైపు క్రిల్ గుంపుల నడిబొడ్డు సుమారు 440 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిందని 2019లో ప్రకటించారు. క్రిల్ జరగగలదు, సముద్రంలో ఉంది గనక. దాని కోసం ఎదురుచూసే పెంగ్విన్ పిల్ల రాతి మీద ఉంది.

ఎంపరర్ పెంగ్విన్‌ది ఇంకా ఇరుకైన గడువు. అంటార్కిటికా నడి శీతాకాలంలో గుడ్డు పొదిగే పక్షి అదొక్కటే. మే, జూన్ నెలల్లో ఆడది ఒకే గుడ్డు పెట్టి సముద్రానికి పోతుంది. మగది ఆ గుడ్డును పాదాల మీద పెట్టుకుని, చీకట్లో, మంచు తుపాన్లలో, తిండి లేకుండా రెండు నెలలు నిలబడుతుంది. ఇంత కష్టమెందుకంటే పిల్లకు నీటిలో నానని ఈకలు వచ్చేసరికి డిసెంబరు కావాలి, సముద్రంలో తిండి నిండుగా ఉండేది అప్పుడే. డిసెంబరు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే గుడ్డు మే నెలలో పడుతుంది. ఈ సంసారమంతా చాలాచోట్ల జరిగేది నేల మీద కాదు, ఒడ్డుకు అతుక్కుని ఉన్న సముద్రపు మంచు మీద. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా ఆ పలక కదలకూడదు.

హేలీ బే అనే చోట ఖండంలోకెల్లా రెండో పెద్ద ఎంపరర్ స్థావరం ఉండేది. 2015లో వచ్చిన తుపాన్లు అక్కడి పలకను ముందే విరిచేశాయి. ఆ తర్వాత 2016, 2017, 2018, వరసగా మూడేళ్ళు అక్కడ పిల్లలు పెరిగింది దాదాపు లేదు. పెద్ద పక్షుల్లో కొన్ని పక్కనున్న మరో స్థావరానికి తరలిపోయాయి. ఇక 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం ఒడ్డున ఐదు స్థావరాలుంటే నాలుగింటిలో పిల్లలు ఎదగకముందే, నవంబరులోనే, పలక కరిగిపోయింది. ఉపగ్రహ చిత్రాల్లో పెంగ్విన్ల రెట్ట మంచు మీద గోధుమరంగు మరకగా కనిపిస్తుంది, శాస్త్రజ్ఞులు స్థావరాలను పసిగట్టేది ఆ మరకను బట్టే. మరకలున్న పలకలే మాయమయ్యాయి. ఒక ప్రాంతమంతటా ఒకే ఏడు ఇలా జరగడం అంతకు ముందు ఎవరూ నమోదు చేయలేదు. ఆ మరుసటి ఫిబ్రవరిలో, 2023లో, అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలతో కొలవడం మొదలయ్యాక అంత తక్కువ ఎన్నడూ లేదు.

అయితే మంచు ఎంత ఎక్కువుంటే అంత మేలు అని కూడా అనుకోకండి. తూర్పు అంటార్కిటికాలో ఫ్రెంచివారి దుమాన్ దుర్విల్ కేంద్రం దగ్గర సుమారు 18,000 అడేలీ జంటలుంటే, 2016–17 వేసవిలో బతికిన పిల్లలు రెండే రెండు. అక్కడ జబ్బు వేరు. ఆ వేసవిలో సముద్రపు మంచు కరగవలసిన వేళకు కరగక, తల్లిదండ్రులు తిండి కోసం విపరీతంగా దూరం నడవవలసి వచ్చింది. మూడేళ్ళ ముందు, 2013–14లో, అక్కడే ఒక్క పిల్ల కూడా దక్కలేదు. ఆ ఏడు మంచు ఎక్కువ ఉండటమే కాక వాన కూడా పడింది. అంటార్కిటికాలో వాన! నూగు ఈకల పిల్లకు మంచు కురిస్తే దులుపుకుంటుంది, వాన పడితే తడిసి గడ్డకడుతుంది. ఇదిలా ఉండగా ద్వీపకల్పం కొసన, వెడెల్ సముద్రం వైపున్న డేంజర్ దీవుల్లో ఏడున్నర లక్షల అడేలీ జంటలు నిక్షేపంగా ఉన్నట్టు 2018లో లోకానికి తెలిసింది. అటువైపు సముద్రపు మంచు ఇంకా తన వేళ తప్పలేదు. ఒకే జాతి, పామర్ నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దూరం, రెండు వేరు తలరాతలు.

ఉత్తరానికి వెళ్దాం. ఆర్కిటిక్ 1979 నుంచి ప్రపంచ సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. వేసవి చివర అక్కడి సముద్రపు మంచు 1980లలో సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లుంటే, 2012 సెప్టెంబరులో 34 లక్షలకు దిగింది. ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ మీరందరూ చూసే ఉంటారు గనక దాని గురించి రెండు మాటలతో సరిపెడతాను. కెనడాలో హడ్సన్ అఖాతపు పడమటి ఒడ్డున 1987లో సుమారు 1,200 ఎలుగులుంటే, 2021లో 618 ఉన్నాయని అంచనా వేశారు. పలక మీద నిలబడి సీల్‌ను వేటాడే జంతువు అది. పలక వారాల ముందే విరిగిపోతే ఒడ్డున పస్తుండే రోజులు పెరుగుతాయి.

నన్ను ఎక్కువగా పట్టి కుదిపింది ఒక చిన్న పిట్ట కథ. రెడ్ నాట్ అంటారు దాన్ని. బురద నేలల్లో ముక్కు దిగేసి తిండి తీసుకునే ఉల్లంకి జాతి. దాని ఒక తెగ సైబీరియా ఉత్తరపు కొసనున్న తైమీర్ ద్వీపకల్పంలో గూడు పెట్టి, శీతాకాలానికి ఆఫ్రికాలో మారిటేనియా తీరం చేరుతుంది. తైమీర్‌లో మంచు కరిగాక పురుగులు ఒక్కసారిగా పుట్టుకొచ్చి కొద్ది వారాలు ముమ్మరంగా ఉంటాయి. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చి తనంతట తాను తిని పెరగవలసింది ఆ వారాల్లోనే. 33 ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు చూస్తే అక్కడ మంచు కరగడం ఏటా సగం రోజు చొప్పున ముందుకు జరిగింది, మొత్తం మీద రెండు వారాలకు పైనే. పురుగులు మంచును నమ్ముకున్నాయి, అవీ ముందుకు జరిగాయి. పిట్ట ఎక్కడో ఆఫ్రికా ఒడ్డున ఉంది. తైమీర్‌లో మంచు ఈ ఏడు ముందే కరిగిందని దానికి ఎవరు చెప్పాలి?

యాన్ వాన్ గిల్స్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడి బృందం 2016లో ప్రచురించిన ఫలితమిది. మంచు ముందే కరిగిన ఏళ్ళలో పుట్టిన పిల్లలు పొట్టిగా, పొట్టి ముక్కుతో పెరిగాయి. ఎగరగలిగాయి, మారిటేనియా దాకా చేరాయి. అక్కడ వాటి ముఖ్యమైన తిండి బురదలో లోతుగా ఉండే ఒక జాతి గుల్ల. పొట్టి ముక్కుకు ఆ గుల్ల అందదు. అందినదేదో, సముద్రపు గడ్డి వేళ్ళలాంటివి, తిని చాలా పిట్టలు మొదటి ఏడాదే చచ్చిపోయాయి. తైమీర్‌లో వారాలు తప్పిన వేసవి పిట్టను తైమీర్‌లో చంపలేదు. వేల కిలోమీటర్ల దూరాన, కొన్ని నెలల తర్వాత, ఎండ కాసే ఉష్ణమండల తీరంలో చంపింది. అక్కడ పిట్టల సంఖ్య తగ్గుతోందంటే కారణం అక్కడే ఉంటుందని వెతికేవాళ్ళకు అది ఎన్నటికీ దొరికేది కాదు.

ఈ కథ మనకు పరాయిది కాదు. మన పులికాట్ సరస్సు అంచున, కోరింగ మడ అడవుల ముందరి బురద మేటల మీద చలికాలంలో గుంపులుగా దిగే లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్ ఆర్కిటిక్ టండ్రాలో పుట్టిన పిట్టలే. పిడికిట్లో పట్టే లిటిల్ స్టింట్ బరువు ముప్ఫై గ్రాములుండదు. కర్లూ శాండ్‌పైపర్ల పుట్టిళ్ళలో తైమీర్ ముఖ్యమైనది. వీటి సంతానం ఇంకో జంతువు మీద కూడా ఆధారపడి ఉంది, అది లెమ్మింగ్ అనే టండ్రా ఎలుక. లెమ్మింగులు మూడు నాలుగేళ్ళకోసారి విపరీతంగా పెరిగి, మళ్ళీ పడిపోయేవి. పెరిగిన ఏడు నక్కలు వాటినే తిని పిట్ట గూళ్ళ జోలికి రావు. పడిపోయిన ఏడు గుడ్డూ మిగలదు, పిల్లా మిగలదు. మన చలికాలంలో దక్షిణాఫ్రికా తీరం చేరే గుంపుల్లో ఆ ఏటి పిల్లలెన్ని, పెద్దవెన్ని అని లెక్కపెట్టినవారికి ఈ ఎగుడుదిగుళ్ళు స్పష్టంగా కనిపించాయి. పులికాట్ ఒడ్డున దుర్భిణి పట్టుకుని నిలబడ్డ విద్యార్థి, ఈకల అంచుల తీరును బట్టి పిల్లనూ పెద్దనూ విడదీసి ఏటా రాసిపెట్టగలిగితే, ఆ పుస్తకంలో సైబీరియా వేసవి నమోదవుతుంది. మాస్టారు తన విద్యార్థులతో చేయించిన పనులన్నిటిలో ఈ రాసిపెట్టడమే గొప్పదని నా నమ్మకం.

ఆ లెమ్మింగుల చక్రం కూడా చాలాచోట్ల చెడింది. దక్షిణ నార్వేలో 1990ల మధ్య నుంచి, ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో 2000 ప్రాంతం నుంచి ఆ పెద్ద పెరుగుదలలు ఏళ్ళ తరబడి రాలేదు. లెమ్మింగు చలికాలమంతా మంచు కింద బతుకుతుంది. నేల వెచ్చదనానికి మంచు అడుగుపొర సడలి, నేలకూ మంచుకూ మధ్య పొడి సందు ఏర్పడుతుంది. అందులో నాచు తింటూ, పిల్లల్ని కూడా కంటుంది. నడి చలికాలంలో మంచు కరిగి మళ్ళీ గడ్డకడితే ఆ సందు మూసుకుపోతుంది.

చలికాలపు వాన కూడా ఇలాగే మంచును పెచ్చు కట్టిస్తుంది, ఆ చేటు రెయిన్‌డీర్లకు ఇంకా కఠినం. అవి కాలి గిట్టలతో మంచు తవ్వి కింది మేత తింటాయి. మంచు లోతుగా ఉన్నా తవ్వగలవు, వాన పడి గడ్డకట్టిన పెచ్చును తవ్వలేవు. రష్యాలో యమాల్ ద్వీపకల్పం మీద 2013 నవంబరులో ఒక రోజు వాన పడి, వెంటనే చలి బిగిసింది. ఆ పెచ్చు వసంతం దాకా కరగలేదు. 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చాయి. అవి నేనెత్స్ జాతి పశుపోషకుల మందలు, వారి తిండి, గుడ్డ, గుడారం, బండి, అన్నీ అవే. శరత్కాలంలో పక్కనున్న కారా సముద్రం మీద మంచు ఆలస్యంగా ఏర్పడటం వల్ల గాలిలో తేమ పెరిగి ఇలాంటి వానలు పడుతున్నాయని పరిశోధకులు చెబుతున్నారు. నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల్లోనైతే మేత అందని రెయిన్‌డీర్లు సముద్రపు ఒడ్డుకు దిగి సముద్రపు నాచు తింటున్నాయి. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి నడుస్తున్నది ఆ దీవుల్లోనే, నీ ఓలెసున్ అనే ఊళ్ళో. అక్కడి రెయిన్‌డీర్ల సంఖ్య తగ్గలేదు, పెరిగింది, వేసవి మేత పెరిగింది గనక. కానీ ఆడ రెయిన్‌డీర్ సగటు బరువు 1990లలో 55 కిలోలుంటే, 2010 తర్వాత 48 కిలోలకు దిగింది. తలలు మాత్రమే లెక్కపెట్టేవాడు ఈ మందను చూసి సంతోషిస్తాడు.

మొక్కల గురించి. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో కాంగర్‌లుస్సువాక్ దగ్గర ఎరిక్ పోస్ట్ అనే శాస్త్రజ్ఞుడు గమనించింది తైమీర్ కథకు తోబుట్టువే. అక్కడ కారిబూ (రెయిన్‌డీర్ జాతే) తల్లులు పగటి పొడవును బట్టి వచ్చి ఈనుతాయి. లేత చిగురు వెచ్చదనాన్ని బట్టి వస్తుంది, ఇప్పుడు ముందే వస్తోంది. పాలిచ్చే తల్లి చేరేసరికి చిగురు ముదిరి ఉంటోంది, దూడలు ఎక్కువగా చనిపోతున్నాయి. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో జాకెన్‌బర్గ్ కేంద్రం 1990ల మధ్య నుంచి పువ్వు పూసిన రోజు, పురుగు లేచిన రోజు, గుడ్డు పెట్టిన రోజు ఒకే పద్ధతిలో నమోదు చేస్తోంది. మొదటి పదేళ్ళలోనే ఇవన్నీ సగటున రెండు వారాలు ముందుకు జరిగాయి. ఇది చదివి, సరే, వేసవి పొడవైంది గదా అనుకునేలోపు 2018 వచ్చింది. ఆ ఏడు మంచు విపరీతంగా పడి, నడివేసవి దాకా నేలను వదల్లేదు. మొక్కలు సరిగా పూయలేదు, పిట్టలు గూడు పెట్టలేదు, నక్కలకు కూనల్లేవు. లోయంతటా దాదాపు ఏ జాతికీ ఆ ఏడు సంతానం లేదు. తేదీ ఒకే దిక్కుకు జరుగుతూ పోతే దానికి అలవాటుపడే వీలు కొంతైనా ఉంటుంది. ఒక ఏడు ముందుకూ ఒక ఏడు వెనక్కీ ఊగుతుంటే ఏ జీవి దేనికి అలవాటుపడాలి?

అంటార్కిటికాలో సొంతగా పూసే మొక్కలు రెండే, ఒక గడ్డి, ఒక పెర్ల్‌వర్ట్. రెండూ సిగ్నీ దీవి మీద 2009 తర్వాతి పదేళ్ళలో అంతకు ముందు యాభై ఏళ్ళలో పెరిగినంతైనా పెరిగాయి. ద్వీపకల్పం మీద, ప్రధానంగా నాచుతో కూడిన పచ్చదనం, 1986లో ఒక చదరపు కిలోమీటరు కూడా లేనిది 2021 నాటికి సుమారు 12 చదరపు కిలోమీటర్లకు చేరిందని ఉపగ్రహ చిత్రాలు చెబుతున్నాయి. పచ్చదనం అనగానే మన మనసుకు మంచి శకునంగా తోస్తుంది. కొత్తగా మట్టి ఏర్పడినచోట ముందుగా కాలుమోపేది బయటి నుంచి బూట్లకూ సామానుకూ అంటుకుని వచ్చే కలుపు అని గుర్తుంచుకుందాం. అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలకు వెళ్ళేవారు కూడా ఆ విషయంలో జాగ్రత్తపడవలసినవారే.

ఇక చేతిలో ఉన్న పని గురించి చెప్పి ముగిస్తాను. కర్బన ఉద్గారాలు తగ్గాలన్నది అన్నిటికన్నా ముందరి మాట, దాన్ని ఈ సభలో ఎవరూ కాదనరు. ఆ ఫలితం వచ్చేదాకా ఆ జీవుల నోటి దగ్గరి ముద్దనైనా లాగకుండా ఉండటం మనుషులు ఈ ఏడే చేయగలిగిన పని. అంటార్కిటికా సముద్ర జీవుల సంరక్షణ కోసం 1982 నుంచి ఒక అంతర్జాతీయ కమిషన్ ఉంది, ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో ఏటా అక్టోబరు ప్రాంతంలో సమావేశమవుతుంది. మన దేశం 1980ల నుంచి సభ్యురాలు. అక్కడ ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి. నైరుతి అట్లాంటిక్‌లో క్రిల్ వేటకు 6.2 లక్షల టన్నుల పరిమితి ఉంది. దాన్ని నాలుగు ప్రాంతాలకు పంచి, వేటంతా ఒకేచోట జరగకుండా చూసే నిబంధన ఉండేది. 2024లో దాన్ని కొనసాగించడానికి ఏకాభిప్రాయం కుదరక అది రద్దయింది. మరుసటి ఏడు, 2025లో, పరిమితి మొత్తం ముందే నిండి ఆగస్టుకే వేట ఆపవలసి వచ్చింది. మంచు పలక తగ్గిన కొద్దీ ఓడలు చలికాలంలో కూడా, ఇంకా దక్షిణాన కూడా తిరగగలుగుతున్నాయి. పట్టిన క్రిల్ చేపల మేతలోకి, నూనె మాత్రల్లోకి పోతుంది. రొయ్యల మేతలో కూడా క్రిల్ పొడి కలుపుతారు. రొయ్యల సాగులో దేశానికి ముందున్న కోస్తా ఆంధ్ర రైతులు, వ్యాపారులు తమ మేత సంచిలో ఏముందో, ఎక్కడిదో కంపెనీని అడగడం మొదలుపెట్టాలి.

పెంగ్విన్లు పిల్లల్ని సాకే నెలల్లో స్థావరాల దగ్గర వల వేయకూడదని కొన్ని క్రిల్ కంపెనీలు 2018 నుంచి తమంతట తామే ఒప్పుకుని పాటిస్తున్నాయి. తమంతట తాము ఒప్పుకున్నది రేపు తమంతట తాము మానుకోవచ్చు. అది చట్టం కావాలి. ద్వీపకల్పం చుట్టూ రక్షిత ప్రాంతం కోసం అర్జెంటీనా, చిలీ పెట్టిన ప్రతిపాదన, తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్రాల ప్రతిపాదనలు, ఏకాభిప్రాయం కుదరక ఏళ్ళ తరబడి పెండింగులో ఉన్నాయి. చివరి రెండింటికీ సహ ప్రతిపాదకులుగా ఉంటామని మన ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ద్వీపకల్పం విషయంలో కూడా అంతే గట్టిగా నిలబడమని, పంపిణీ నిబంధన మళ్ళీ వచ్చేదాకా అడుగుతూనే ఉండమని, ఈ సభ తరఫున కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖకు ఒక తీర్మానం పంపాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ముసాయిదా రాసి తెచ్చాను, సంతకాలు కావాలి.